ఏసీ లైను పక్కన డీసీ లైను వస్తే: విశాఖ రైలు కరెంటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఇవాళ తిరుగుతున్న కరెంటు రైళ్లన్నీ 25 కిలోవోల్టుల ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) మీదే నడుస్తున్నాయి. మెట్రో ప్రతిపాదన ముందుకొచ్చాక, దానికి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) పెడితే ఆ కరెంటూ రైల్వే కరెంటూ ఒకదానికొకటి అడ్డు రావా అని ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి లైను పక్కన ఇళ్లున్నవాళ్ల దాకా చాలామంది అడుగుతున్నారు. ఇది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఈ సమస్యకి పరిష్కారం డ్రాయింగులు గీసేటప్పుడు దొరికినంత తేలిగ్గా, పిల్లర్లు లేచాక దొరకదు.

అసలు రెండు రకాల కరెంటు ఎందుకు? అన్నిటికీ ఒకటే పెట్టొచ్చు కదా?

మన దేశంలో కరెంటు రైలు మొదలైంది డీసీతోనే. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకి నడిచిన రైలు 1500 వోల్టుల డీసీ. మద్రాసు బీచ్–తాంబరం లైను కూడా 1931లో అదే పద్ధతిలో వచ్చింది. ఆ తర్వాత 1957లో రైల్వే 25 కిలోవోల్టుల ఏసీని ఎంచుకుంది. 1959 డిసెంబరులో ఆగ్నేయ రైల్వేలోని రాజ్‌ఖర్సావాన్–డోంగోవాపోసి సెక్షన్‌లో అది మొదలైంది.

కారణం దూరం. 2 మెగావాట్ల పవర్ తీసుకునే బండికి 25 కిలోవోల్టుల దగ్గర 80 ఆంపియర్లు చాలు. అదే పవర్ 750 వోల్టుల డీసీలో ఇవ్వాలంటే 2,600 ఆంపియర్లు దాటిపోతుంది. అందుకే ఏసీలో సబ్‌స్టేషన్లు పదుల కిలోమీటర్ల ఎడంలో ఉన్నా సరిపోతుంది, డీసీలో ఒకటి రెండు కిలోమీటర్లకో సబ్‌స్టేషన్ కావాలి. కానీ ఊరి మధ్యలో మెట్రోకి డీసీ వల్ల వేరే లాభాలున్నాయి. కరెంటు పట్టాల పక్కనే ఉండే మూడో పట్టా, అంటే థర్డ్ రైల్ నుంచి వస్తుంది కాబట్టి స్తంభాలు, తీగలు అక్కర్లేదు, సొరంగం చిన్నదైనా సరిపోతుంది, బండిలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. బెంగళూరు, కొచ్చి, కోల్‌కతా మెట్రోలు 750 వోల్టుల డీసీ. హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ మెట్రోలు 25 కిలోవోల్టుల ఏసీ. రెండూ పనిచేసే పద్ధతులే.

విశాఖలో ఈ రెండూ ఎక్కడ దగ్గరపడతాయి?

మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు: స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు. మొదటిది చాలావరకు జాతీయ రహదారి వెంటే పోతుంది. ఎన్‌ఏడీ దాటి కంచరపాలెం, తాటిచెట్లపాలెం వైపు వచ్చేసరికి రహదారికి పక్కనే మర్రిపాలెం మీదుగా రైల్వే లైన్లు ఉన్నాయి. ఈ చుట్టుపక్కలే రైల్వేకీ మెట్రోకీ మధ్య ఎడం తక్కువ. పాత పోస్టాఫీసు వైపు రైల్వే యార్డు, పోర్టు లైన్లు ఉన్నాయి, అక్కడ నేలంతా ఉప్పు నేల. దీని సంగతి కింద వస్తుంది.

పైన తీగ ఒక్కటే కనిపిస్తుంది. కరెంటు వెనక్కి ఎలా వెళ్తుంది?

పట్టాల మీదుగా వెళ్తుంది. తీగలోంచి పాంటోగ్రాఫ్ (ఇంజన్ మీద తీగకి ఆనే చట్రం), అక్కణ్నుంచి ఇంజన్, ఇంజన్ నుంచి చక్రం, చక్రం నుంచి పట్టా, పట్టా నుంచి సబ్‌స్టేషన్. డీసీ మెట్రోలోనూ దారి ఇదే, పైతీగ బదులు థర్డ్ రైల్ ఉంటుంది, అంతే తేడా.

పట్టా భూమి మీదే పడుకుని ఉంటుంది. కింద ఎంత మంచి రబ్బరు ప్యాడ్ వేసినా, చిన్న చిన్న చిల్లులున్న నీళ్ల గొట్టంలా పొడవునా కొంచెం కొంచెంగా కరెంటు నేలలోకి దిగుతూనే ఉంటుంది. ఈ పేజీలో ఉన్న చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

మరి ఏసీకీ డీసీకీ గొడవెక్కడ?

ఏసీ రైల్వేలో పట్టాని భూమితో బాగా కలపాలి. ఓహెచ్‌ఈ (పట్టాల పైన ఉండే కరెంటు తీగలు) స్తంభాలు, ప్లాట్‌ఫాం షెడ్లు, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఇనుము అన్నీ పట్టాకీ ఎర్త్‌కీ బాండ్ చేస్తారు. తీగ తెగి వాటి మీద పడితే వెంటనే పెద్ద కరెంటు పారి బ్రేకర్ పడిపోవాలి, మనుషులకి షాక్ తగలకూడదు. ఏసీ వాళ్లకి ఎర్తింగే రక్షణ.

డీసీలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పట్టాని భూమి నుంచి ఎంత వేరుగా ఉంచగలిగితే అంత మంచిది. పట్టా భూమికి తగిలిందంటే వేల ఆంపియర్ల రిటర్న్ కరెంటులో కొంత భాగం నేలలో పడి, పైపుల్లోనూ పిల్లర్ల ఇనుములోనూ ప్రయాణం చేస్తుంది. డీసీ వాళ్లకి ఎర్తింగే నష్టం.

ఇప్పుడు ఈ రెండూ ఒకే స్టేషన్ ఆవరణలోకి వచ్చాయనుకోండి. ఒకే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, ఒకే రెయిలింగ్, ఒకే నీళ్ల పైపు. ఏసీ వైపు ఇంజనీరు ఆ రెయిలింగుని ఎర్త్‌కి కలపమంటాడు, డీసీ వైపు ఇంజనీరు అది నా పట్టాకి తగలకూడదంటాడు. ఇద్దరి మాటా సరైనదే. నా దృష్టిలో ఈ సబ్జెక్టు మొత్తం ఈ ఇద్దర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం చుట్టూ తిరుగుతుంది. పరికరాలన్నీ దాని తర్వాతే. యూరప్ ప్రమాణాల్లో ఈ పొత్తు కోసమే ప్రత్యేకంగా ఈఎన్ 50122-3 అనే భాగం రాశారు. మొదటి భాగం షాక్ భద్రతకి, రెండోది డీసీ స్ట్రే కరెంటుకి (దారి తప్పి నేలలోకి దిగే కరెంటు), మూడోది ఏసీ, డీసీ పక్కపక్కనే ఉన్నప్పుడు.

స్ట్రే కరెంటు వల్ల నిజంగా అంత నష్టమా?

అవును. డీసీ కరెంటు ఒక ఇనుప వస్తువులోంచి బయటికి, తడి నేలలోకి దిగే చోట ఇనుము కరిగిపోతుంది. ఒక్క ఆంపియర్ ఏడాది పొడవునా అలా దిగితే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది. ఇది ఫారడే నియమం చెప్పే లెక్క. 9 కిలోలు ఒక పైపు పొడవునా సమానంగా పోతే ఎవరికీ తెలియదు. కానీ పూత లేచిపోయిన ఒక్క చోటే పోతే అక్కడ బొక్క పడుతుంది.

విశాఖలో దీన్ని మామూలు కంటే ఎక్కువగా పట్టించుకోవాలి. సముద్రపు ఉప్పు గాలి, పోర్టు చుట్టూ ఉప్పుతేలిన నేల, అలాంటి నేలలో కరెంటు సులువుగా పారుతుంది. పైగా నేల కింద రిఫైనరీ పైపులైన్లు, నీళ్ల పైపులు, కేబుళ్లు ఎన్నో ఉన్నాయి. ఆయిల్ పైపులైన్లకి కేథోడిక్ ప్రొటెక్షన్ ఉంటుంది, అంటే తుప్పు పట్టకుండా వాటికి కొంచెం నెగెటివ్ వోల్టేజీ ఇచ్చి ఉంచుతారు. పక్కనుంచి వచ్చే స్ట్రే కరెంటు ఆ అమరికని చెడగొట్టగలదు.

మెట్రోలో దీన్ని ఆపే పద్ధతులు తెలిసినవే. పట్టా కింద మంచి ఇన్సులేటింగ్ ప్యాడ్లు వేస్తారు, సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా పెడతారు, వయాడక్ట్ (పిల్లర్ల మీద మెట్రో వంతెన) స్లాబులోని కడ్డీలన్నిటినీ వెల్డు చేసి, తప్పించుకున్న కరెంటు నేలలోకి పోకుండా పట్టుకునే జాలీలా తయారుచేస్తారు. ఈఎన్ 50122-2 ప్రకారం ఒక ట్రాకుకి మీటరుకి సగటున 2.5 మిల్లీఆంపియర్ల లోపు లీకైతే మామూలుగా ఫర్వాలేదు. కాంక్రీటులోని ఇనుము వోల్టేజీ సగటున 200 మిల్లీవోల్టుల కంటే పైకి జరగకూడదు.

డీసీ లీకేజీ వల్ల రైల్వేకి ఏం నష్టం?

నేలలో తిరిగే డీసీకి రైల్వే పట్టాలు మంచి దారి. అవి భూమితో బాగా కలిసి ఉంటాయి కదా. అలా పట్టాల్లోకి ఎక్కిన డీసీ, రైల్వే ట్రాక్షన్ (బండి లాగే కరెంటు) సబ్‌స్టేషన్ దాకా, ఇంజన్ ట్రాన్స్‌ఫార్మర్ల దాకా చేరగలదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి డీసీ పడదు, కొద్దిగా దూరినా కోర్ ఒక వైపు సాచురేట్ అవుతుంది (ఇక అయస్కాంతం పట్టని స్థితికి చేరుతుంది), మోత పెరుగుతుంది, వేడెక్కుతుంది, తనంతట తనే హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి రెట్లుగా ఉండే అదనపు పౌనఃపున్యాలు) పుట్టిస్తుంది. డీసీ ట్రాక్ సర్క్యూట్లు (పట్టాల మీద బండి ఉందో లేదో కనిపెట్టేవి) వాడే చోట సిగ్నళ్ల మీదా ప్రభావం ఉంటుంది.

ఏసీ వల్ల మెట్రోకి ఏం నష్టం? తీగలు తగలనే తగలవు కదా?

తగలక్కర్లేదు. ఓహెచ్‌ఈలో పారే 50 హెర్ట్జ్ కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. దానికి సమాంతరంగా పోయే ఏ లోహపు తీగలోనైనా, పట్టాలోనైనా వోల్టేజీ పుడుతుంది. అంకెలతో చూద్దాం. తీగలో 300 ఆంపియర్లు పారుతూ, వెనక్కి వచ్చేదంతా భూమిలోంచే వస్తోందనుకోండి. 100 మీటర్ల దూరంలో సమాంతరంగా ఒక కేబుల్ ఉంటే, మామూలు నేలలో కిలోమీటరుకి సుమారు 40 వోల్టులు పుడుతుంది. టెలిఫోన్ కేబుళ్లకి మామూలు సమయంలో ఒప్పుకునే హద్దు 60 వోల్టులు, అంటే 2 కిలోమీటర్లు కలిసి నడిచినా హద్దు దాటిపోతుంది. తీగ తెగి షార్ట్ అయి 3,000 ఆంపియర్లు పారితే కిలోమీటరుకి 400 వోల్టుల పైమాటే. ఆ కొద్ది క్షణాలకి హద్దు 430 వోల్టులు.

నిజంగా ఇంత రాదు, ఎందుకంటే రిటర్న్ కరెంటులో చాలా భాగం పట్టాల్లోనే వెళ్లి కొంత క్షేత్రాన్ని కొట్టేస్తుంది. ఇంకా తగ్గించడానికి బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. మన దగ్గర వాటి మధ్య ఎడం సుమారు 2.66 కిలోమీటర్లు. ఇవి రిటర్న్ కరెంటుని పట్టాల నుంచి లాగి, స్తంభాల మీదే ఉండే రిటర్న్ కండక్టరులోకి ఎక్కిస్తాయి. వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ దగ్గర దగ్గరగా ఎదురెదురుగా పారితే బయటికి క్షేత్రం మిగిలేది తక్కువ. 2×25 కిలోవోల్టుల పద్ధతిలో ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, ఫీడర్ తీగ ఇదే పని ఇంకా బాగా చేస్తాయి.

మెట్రో వైపు అసలు భయం గొలుసుకట్టుగా వచ్చేది. డీసీ పట్టాని భూమికి కలపరు కాబట్టి దాని వోల్టేజీ పెరిగితే ప్రయాణికులకి ప్రమాదం. అందుకే ప్రతి స్టేషన్‌లో ఒక రక్షణ పరికరం ఉంటుంది. హద్దు దాటగానే అది పట్టాని కాసేపు భూమికి కలిపేస్తుంది. ఎక్కువసేపు ఉండే వోల్టేజీకి హద్దు డీసీలో 120, ఏసీలో 60 వోల్టులు. పక్కనున్న రైల్వే వల్ల మెట్రో పట్టాలో 50 హెర్ట్జ్ వోల్టేజీ పుట్టి, దానికి మెట్రో సొంత డీసీ కూడా తోడైతే ఈ పరికరం అవసరం లేకుండానే పదే పదే మూసుకుంటుంది. అది మూసుకున్నంతసేపూ పట్టా భూమికి కలిసే ఉంటుంది, డీసీ లీకవుతుంది, ఆ లీకేజీ వెళ్లి రైల్వే పట్టాల్లో ఎక్కుతుంది. రెండు వైపులా విడివిడిగా లెక్క వేసుకుంటే ఎవరికీ తప్పు కనిపించదు. కలిపి లెక్క వేస్తేనే ఇది బయటపడుతుంది.

సిగ్నళ్ల మీద ప్రభావం ఉంటుందా? అదే మాకు ఎక్కువ టెన్షన్.

ఆ టెన్షన్ ఉండటం న్యాయమే. దీనికి కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి.

ట్రాక్ సర్క్యూట్ అంటే పట్టాల్లో ఒక ముక్కకి ఒక చివర చిన్న వోల్టేజీ ఇచ్చి, రెండో చివర రిలే (కరెంటు అందితే పైకి ఎత్తుకునే స్విచ్చు) పెట్టడం. బండి లేకపోతే రిలే పైకి ఎత్తుకుని ఉంటుంది. బండి ఎక్కగానే చక్రాలు రెండు పట్టాలనూ షార్ట్ చేస్తాయి, రిలే పడిపోతుంది, వెనక సిగ్నల్ ఎరుపవుతుంది. అదే పట్టాల్లో వందల ఆంపియర్ల ట్రాక్షన్ కరెంటు కూడా పారుతుంది. ఆ కరెంటు రిలేని మోసం చేయడం రెండు రకాలు. బండి లేకపోయినా రిలే పడిపోతే సిగ్నల్ ఎరుపులో ఉండిపోతుంది, రైళ్లు ఆలస్యమవుతాయి, కానీ ప్రమాదం లేదు. బండి ఉన్నా రిలే పైకి ఉండిపోతే అది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. సిగ్నల్ విభాగంలో దేన్నైనా సహిస్తారు గానీ దీన్ని సహించరు.

అందుకే పాత రోజుల నుంచీ ఒక నియమం ఉంది. ట్రాక్షన్‌కి ఏ రకం కరెంటు వాడుతున్నారో ట్రాక్ సర్క్యూట్‌కి అది వాడకూడదు. డీసీ ట్రాక్షన్ ఉన్న చోట ఏసీ ట్రాక్ సర్క్యూట్, ఏసీ ట్రాక్షన్ ఉన్న చోట ఏసీకి స్పందించని ఇమ్యునైజ్డ్ రిలేతో డీసీ ట్రాక్ సర్క్యూట్. మరి రెండూ ఉన్న చోట? డీసీ వాడలేం, 50 హెర్ట్జ్ ఏసీ కూడా వాడలేం. అలాంటి చోట్ల మన రైల్వేలో 83.33 హెర్ట్జ్ ట్రాక్ సర్క్యూట్లు పెట్టారు. 50, 100, 150 వరుసలో ఎక్కడా పడని అంకె అది. అలా ఎంచడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఇంకా మెరుగైనవి. ఆడియో ఫ్రీక్వెన్సీ ట్రాక్ సర్క్యూట్లు 1,700, 2,000, 2,300, 2,600 హెర్ట్జ్ లాంటి పౌనఃపున్యాలు వాడతాయి, ఒక కోడ్ మోసుకెళ్తాయి, ఆ కోడ్ సరిగ్గా అందితేనే ట్రాకు ఖాళీ అని ఒప్పుకుంటాయి. డిజిటల్ యాక్సిల్ కౌంటర్లయితే పట్టాలో కరెంటు మీద ఆధారపడవు, పదుల కిలోహెర్ట్జ్‌లలో పనిచేసే సెన్సార్లతో వెళ్లిన చక్రాలని లెక్కపెడతాయి.

కానీ ఇవి వచ్చేసరికి ఇంజన్లు కూడా మారాయి. డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 లాంటి త్రీఫేజ్ ఇంజన్ల కన్వర్టర్లు (కరెంటు రూపం మార్చే పరికరాలు) వందలు, వేల హెర్ట్జ్‌లలో హార్మోనిక్స్ పుట్టిస్తాయి. డీసీ మెట్రోలో రెక్టిఫయర్ నుంచి 300 లేదా 600 హెర్ట్జ్ అల, బండిలోని ఇన్వర్టర్ నుంచి ఇంకొన్ని వస్తాయి. అందుకే ఇంజను కొనేటప్పుడే ఏ పౌనఃపున్యంలో ఎంత కరెంటు దాటకూడదో రైల్వే రాసి పెడుతుంది. ఉదాహరణకి 1,400 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య 400 మిల్లీఆంపియర్లు. వందల ఆంపియర్లు లాగే ఇంజనుకి ఇది చాలా గట్టి షరతు. మెట్రో బండికీ ఇలాంటి పట్టిక ఉండాలి, దాన్ని పక్క రైల్వే సిగ్నళ్ల పట్టికతో పక్కన పెట్టి చూడాలి.

ఈ విద్య నేర్పే రైల్వే సంస్థ ఇరిసెట్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది, 1957 నుంచి. ఆసక్తి ఉన్న విద్యార్థులు ట్రాక్షన్, సిగ్నలింగ్ రెండూ కలిపి చదివితే మంచిది. ఒకటే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, రెండూ తెలిసినవాళ్లే తక్కువ.

కేకే లైనులో ఈ సమస్యలు ఎలా ఉంటాయి?

కొత్తవలస–కిరండూల్ లైను మీద మెయిన్‌లైన్ కంటే ముందే, 1980ల మొదట్లోనే, కరెంటు ఇంజన్లు నడిచాయి. బైలడిలా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దించే లైను కదా, ఘాట్‌లో బరువు లాగడానికి అవే తగినవి. 1980ల చివర్లో స్వీడన్, జపాన్ కంపెనీల నుంచి తెచ్చిన డబ్ల్యూఏజీ-6 థైరిస్టర్ ఇంజన్లు కూడా వాల్తేరు షెడ్డులోనే ఉండేవి. అంటే కన్వర్టర్లున్న ఇంజన్లని మొదట చూసిన ఊళ్లలో మనది ఒకటి.

ఇక్కడి ప్రత్యేకత ఒకటి, వాలు. సిమిలిగుడ దగ్గర లైను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నిండు ఖనిజంతో కిందికి దిగే బండి బ్రేకు వేస్తూ కరెంటు తయారుచేసి తీగలోకి వెనక్కి పంపుతుంది. ఇది మంచిదే, కానీ ఇండక్షన్ లెక్కల్లో ఎక్కే బండినే కాదు, దిగే బండినీ కలపాలి.

రెండోది, నేల. తిరిగొచ్చే కరెంటు భూమిలో ఎంత లోతున పారుతుందన్నది నేల నిరోధం మీద ఉంటుంది. మామూలు నేలలో, అంటే 100 ఓమ్–మీటర్లు అనుకుంటే, ఆ లోతు సుమారు 930 మీటర్లు. 1,000 ఓమ్–మీటర్ల రాతి నేలలో దాదాపు 3 కిలోమీటర్లు. 10 ఓమ్–మీటర్ల ఉప్పు నేలలో 300 మీటర్ల లోపే. లోతు పెరిగితే ఇండక్షన్ ప్రభావం పక్కలకి కూడా ఎక్కువ దూరం పోతుంది. అందుకే బొర్రా గుహల చుట్టుపక్కల కొండల్లో ఎర్తింగ్ కుదరడం కష్టం, ఇండక్షన్ ఎక్కువ దూరం పోతుంది. పోర్టు దగ్గర ఎర్తింగ్ తేలిక, తుప్పు ఎక్కువ. ఒకే దారిలో ఈ రెండు రకాల నేలా ఉంది కాబట్టి ఒకచోట కొలిచిన అంకె ఇంకోచోట వాడకూడదు.

వేరే ఊళ్లలో రెండూ ఎలా కలిసి ఉంటున్నాయి?

ముంబైలో దశాబ్దాలపాటు ఉన్నాయి. ఊరి చుట్టూ 1500 వోల్టుల డీసీ, బయట 25 కిలోవోల్టుల ఏసీ. ఇగత్‌పురిలో ఇంజన్లు మార్చేవారు. తర్వాత రెండిటి మీదా నడిచే ఇంజన్లు వచ్చాయి. మొత్తం ఏసీకి మార్చడం 2016లో హార్బర్ లైనుతో పూర్తయింది. మారుస్తున్నన్నాళ్లూ లోకల్ రైళ్లు ఆగలేదు, రెండు పద్ధతులు పక్కపక్క ట్రాకుల మీద నడిచాయి. ఇంజనీర్లు తీగ మార్చి ఊరుకోలేదు, సిగ్నళ్లూ ఎర్తింగూ కూడా మార్చారు. లండన్‌లో ఫారింగ్‌డన్ స్టేషన్ దగ్గర బండి ఒక వైపు 25 కిలోవోల్టుల ఏసీతో వచ్చి, ఇంకో వైపు 750 వోల్టుల థర్డ్ రైల్ మీద వెళ్తుంది.

కొన్ని చోట్ల ఎయిర్ కండిషన్డ్ కోచ్‌లో ఒక్క క్షణం చల్లగాలి ఆగి మళ్లీ వస్తుంది. ఇది కూడా ఇంటర్‌ఫియరెన్సేనా?

కాదు, కావాలని పెట్టిందే. పక్కపక్క సబ్‌స్టేషన్లు గ్రిడ్‌లో వేరువేరు ఫేజుల నుంచి కరెంటు తీసుకుంటాయి. రెండు ఫేజులు కలిస్తే షార్టే. అందుకే మధ్యలో కరెంటు లేని చిన్న ముక్క, న్యూట్రల్ సెక్షన్, పెడతారు. 500, 250 మీటర్ల ముందు బోర్డులుంటాయి, లోకో పైలట్ డీజే (ఇంజన్ మెయిన్ బ్రేకర్) తెరిచి, దాటాక మూస్తారు. ఇంజన్ నుంచే కోచ్‌లకి కరెంటు ఇచ్చే రైళ్లలో ఆ కాసేపు మీకు తేడా తెలుస్తుంది. ఏసీ, డీసీ కలిసే చోట కూడా ఇలాంటి ఖాళీ ముక్కే ఉంటుంది, ఇంకా పొడవుగా, ఇంకా గట్టి ఇంటర్‌లాకింగ్‌తో. పట్టాల్లో కూడా ఇన్సులేషన్ జాయింట్లు ఉంటాయి.

మా ఇల్లు లైను పక్కనే. డాబా మీద బట్టలారేసే జీఐ వైరు ముట్టుకుంటే జివ్వుమంటోంది.

మీ తీగ ఓహెచ్‌ఈకి సమాంతరంగా ఉందేమో చూడండి. పొడవాటి తీగ, ఇనుప కంచె, రేకుల షెడ్డు లైను పక్కన సమాంతరంగా ఉండి ఎర్త్ లేకపోతే వాటిలో వోల్టేజీ నిలుస్తుంది. బట్టలకి నైలాన్ తాడు కట్టుకోండి, లేదా తీగని లైనుకి అడ్డంగా కట్టండి. పొడుగు కంచె అయితే ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకీ ఎర్తింగ్ చేయించాలి. అయితే జివ్వుమనడం మీ ఇంటి వైరింగ్ లీకేజీ వల్ల కూడా కావచ్చు, అది ఇంకా ప్రమాదం. ముందు మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. సంక్రాంతికి గాలిపటాలెగరేసే పిల్లలకి మాత్రం గట్టిగా చెప్పండి: తీగల మీద పడిన పటం తీయడానికి కర్రగానీ రాడ్డుగానీ ఎత్తకూడదు. 25 కిలోవోల్టులు తగలకుండానే, దగ్గరికొస్తే దూకుతుంది. 2 మీటర్ల లోపలికి ఏదీ వెళ్లకూడదు.

రేడియో గరగర, ఫోన్, ఇంటర్నెట్?

పాంటోగ్రాఫ్ దగ్గర మెరిసే నిప్పురవ్వ మీడియం వేవ్‌లో వినిపిస్తుంది, 927 కిలోహెర్ట్జ్‌లో విశాఖ ఆకాశవాణి వినేవాళ్లకి బండి వెళ్లేటప్పుడు కాసేపు గరగర రావచ్చు. ఎఫ్ఎంలో చాలా తక్కువ. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్లకి ఇండక్షన్ హోరు ఉండేది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఆ బాధే లేదు. రైల్వే తన కేబుళ్లని ఫైబర్‌కి మార్చుకోవడంలో ఇదీ ఒక లాభం.

ఆసుపత్రులు, యూనివర్సిటీ ల్యాబులు మెట్రో పక్కన ఉంటే?

ఇది పెద్దగా ఎవరూ అడగరు, అడిగి తీరాలి. థర్డ్ రైల్‌లో 3,000 ఆంపియర్లు వెళ్లి, మీటరున్నర దూరంలో పట్టాలో వెనక్కి వస్తున్నాయనుకుంటే, 50 మీటర్ల దూరంలో క్షేత్రం మైక్రోటెస్లాలో మూడో వంతు దాకా ఉంటుంది. భూమి సొంత క్షేత్రం 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల, కాబట్టి మనిషికి ఇది లెక్కలోకి రాదు. కానీ బండి కదిలినప్పుడల్లా మారే క్షేత్రం ఇది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఎంఆర్ఐ లాంటి యంత్రాలు ఇంతకంటే తక్కువ మార్పుకే ఇబ్బంది పడతాయి. చినవాల్తేరు వైపు ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, దారిలో ఆసుపత్రులున్నాయి. ఎక్కడ ఏ యంత్రం ఉందో జాబితా ముందే రాసుకుంటే దూరం పెంచడమో, గదికి షీల్డింగ్ చేయడమో చేయొచ్చు.

ఇలాంటివి చరిత్రలో జరిగాయి. బొంబాయికి కరెంటు ట్రాములు వస్తున్నాయని కొలాబా అబ్జర్వేటరీ అయస్కాంత కొలతల్ని 1904లో అలీబాగ్‌కి తరలించారు. జపాన్‌లో టోక్యో నుంచి ఉత్తరంగా వెళ్లే జోబాన్ లైను టోరిదే దాకా డీసీ, ఆ తర్వాత ఏసీ. కాకియోకాలోని అయస్కాంత అబ్జర్వేటరీని కాపాడటానికే అలా చేశారు. ఒక కొలిచే యంత్రం కోసం ఒక రైల్వే లైను కరెంటునే మార్చుకున్నారు. నాకది గౌరవించదగ్గ నిర్ణయం.

మెట్రోకి కూడా 25 కిలోవోల్టుల ఏసీ పెడితే ఈ బాధలన్నీ పోతాయి కదా?

స్ట్రే కరెంటు తుప్పు చాలావరకు పోతుంది. హైదరాబాద్ మెట్రో అలాగే నడుస్తోంది. కానీ రెండు ఏసీలు పక్కనున్నా పని ఉంటుంది. ఫేజులు వేరు, ఎర్తింగ్ గ్రిడ్‌లు వేరు, ఒకరి ఫాల్ట్ కరెంటు రెండోవాళ్ల పట్టాల్లో ఎక్కగలదు, ఒకరి హార్మోనిక్ ఇంకొకరి సిగ్నల్ పౌనఃపున్యం మీద పడగలదు. వయాడక్ట్ మీద తీగలు ఎత్తున ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల ఇళ్లకి ఇండక్షన్ కూడా చూసుకోవాలి. ఏది ఎంచినా ఫర్వాలేదు. ఎంచిన దానికి తగ్గ లెక్క చేశారా లేదా అన్నదే నేను అడుగుతాను.

రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి దాటే చోట ఏం జాగ్రత్త?

కింద రైల్వే, పైన మెట్రో అయితే, తెగిన ఓహెచ్‌ఈ తీగ ఎగిరి తగలగలిగే చోటంతా మెట్రో నిర్మాణానికి రక్షణ కావాలి. ఆ తాకిడి డీసీ పట్టాదాకా పోకూడదు. స్టేషన్లు కలిసే చోట రైల్వే ఎర్త్‌కి కలిసిన రెయిలింగూ మెట్రో వైపు రెయిలింగూ ఒకే మనిషి రెండు చేతులు చాచినా ఒకేసారి అందకూడదు. మధ్యలో ఇన్సులేటెడ్ ముక్క పెట్టాలి. నీళ్ల పైపులకి, ఎయిర్ కండిషనింగ్ డక్టులకి, ఎస్కలేటర్ ఫ్రేములకి కూడా ఇదే. ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌లో అన్నీ సరిగ్గా ఉండి, ప్లంబింగ్ పైపు ఒకటి రెండు ఎర్త్‌లనూ కలిపేయడం చాలా మామూలుగా జరిగేది.

ఇదంతా ఎవరు చూడాలి, ఎప్పుడు?

మెట్రో డిజైనర్లు, రైల్వేలో టీఆర్‌డీ (ట్రాక్షన్ కరెంటు పంపిణీ), సిగ్నల్ అండ్ టెలికాం విభాగాలు, పైపులైన్ల సంస్థలు, టెలికాం కేబుళ్ల విషయంలో పీటీసీసీ (విద్యుత్, టెలికాం సమన్వయ కమిటీ). లైను తెరిచే ముందు మెట్రో రైలు భద్రతా కమిషనర్ చూస్తారు. కానీ అసలు పని పిల్లర్లు వేయకముందే మొదలవ్వాలి. అన్నిటికంటే ముందు బేస్‌లైన్ కొలతలు తీసుకోవాలి: ఇప్పుడు ఆ దారిలో నేల నిరోధం ఎంత, పైపుల వోల్టేజీ ఎంత, రైల్వే ట్రాక్ సర్క్యూట్లలో ఎంత నాయిస్ ఉంది. ఇవి లేకపోతే రేపు ఒక పైపు తుప్పు పట్టినప్పుడు "మీవల్లే" అని ఒకరు, "ముందునుంచీ ఉంది" అని ఒకరు వాదించుకుంటారు తప్ప తేలదు. కొలతలకి అయ్యే ఖర్చు ఒక్క పిల్లర్ ఖర్చుతో పోలిస్తే చాలా చిన్నది. పౌరులుగా మనం అడగదగ్గది కూడా ఇదే. ఈ కొలతలు తీశారా, నివేదిక బయట పెడతారా?

లైను మొదలయ్యాక ఇక చూడక్కర్లేదా?

చూడాలి, ఎప్పటికీ. పట్టా కింద ప్యాడ్ల మీద ఉప్పు, దుమ్ము, బ్రేకుల ఇనుప రజను పేరుకుంటాయి, వర్షాకాలంలో ఇన్సులేషన్ ఇంకా పడిపోతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లో శుభ్రం చేయడం తరచుగా జరగాలి. పట్టాకీ భూమికీ మధ్య నిరోధం, ఎర్తింగ్ పరికరాలు ఎన్నిసార్లు మూసుకున్నాయన్న లెక్క, జాలీలో పారే కరెంటు క్రమం తప్పకుండా రికార్డు చేయాలి. రైల్వే వైపు కొత్త ఇంజన్లు వచ్చినా, తీగలో కరెంటు పెరిగినా, బూస్టర్లు తీసి ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టినా పాత లెక్క చెల్లదు, మెట్రో వాళ్లకి కబురు చెప్పి మళ్లీ కొలవాలి. మెట్రో బండ్లు మారినా అంతే. రికార్డులో ఏదైనా ఒక స్టేషన్ అంకె మిగతావాటికి భిన్నంగా పెరుగుతూ పోతుంటే, ఆ రాత్రి రైళ్లు ఆగిన వేళలోనే మనుషులు టార్చిలైట్లు పట్టుకుని ఆ ముక్కంతా నడిచి, ఎక్కడో పట్టాకి ఆనుకుని ఉన్న ఇనుప బోల్టునో, తడిసిన కేబుల్ ట్రేనో వెతికి పట్టుకోవాలి.